ముట్లుడిగిన తరువాత మందు – మన జిల్లాల ముచ్చట

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను ఎలగందుల కోట గురించో నాగోబా జాతర గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఈ పత్రికను మన ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా చదువుతారు గనుక వారికి సంబంధించిన సంగతి రాస్తున్నాను. ఈ వయసులో ఇదేం రాత అని ఎవరూ అనుకోవద్దని మనవి.

ఉద్యోగకాలంలో మెడికల్ రీయింబర్స్‌మెంటు ఫైళ్ళు చాలా ఏళ్ళు నా సీటులోనే ఉండేవి. గర్భసంచి ఆపరేషన్ బిల్లులు తరచుగా వచ్చేవి. ఓచర్ల మీద డాక్టరు సంతకం ఉన్నదా, కూడిక సరిపోయిందా, ఇవే చూసేవాళ్ళం. రోగి వయసు 34 అని ఉన్నా మా కలం ఆగేది కాదు. సంచితోపాటు అండాశయాలు కూడా తీశారా అన్నది మాకు పట్టని విషయం. అసలు సంగతంతా అక్కడే ఉన్నదని చాలా ఆలస్యంగా తెలిసింది.

మన దేశంలో ముట్లు సాధారణంగా 46, 47 ఏళ్ళ ప్రాంతంలో ఉడుగుతాయి. ఈస్ట్రోజన్ అనే హార్మోను అప్పటికి కొన్నేళ్ళుగా తగ్గుతూ వస్తుంది. ఆపరేషన్‌లో అండాశయాలు రెండూ తీసేస్తే అది ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం, పోనుపోను ఎముకలు గుల్లబారడం.

ఆ లోటు పూడ్చే మందు ప్రెమారిన్ అమెరికాలో 1942లోనే అమ్మకానికి వచ్చింది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసేవారు. పంచగవ్యం ఎరిగిన మనకు ఇది మరీ వింతేమీ కాదు. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు, ఈ మందుతో స్త్రీ ఎప్పటికీ స్త్రీగానే ఉంటుందని పుస్తకమే రాశాడు. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే సంచి లోపొరకు క్యాన్సర్ రావచ్చునని 1975లో బయటపడింది. అందుకని ప్రొజెస్టిన్ జోడించారు. ఆ జోడు మందును 16,608 మంది స్త్రీలతో, సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్రలు ఇచ్చి పరీక్షిస్తూ, 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వస్తున్నదని తేలింది. లోకమంతా బెదిరిపోయింది. అయితే ఆ స్త్రీల సగటు వయసు 63 అన్న సంగతి ఎంతమంది గమనించారు? సంచి లేనివారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన పరీక్షలో పక్షవాతం పెరిగింది గాని రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. చిన్న వయసులోనే అండాశయాలు పోయినవారికి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేకుంటే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈ మందు ఇవ్వాలని నేడు వైద్యులు చెబుతున్నారు.

అటువంటివారు మన దగ్గర తక్కువేమీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2 మంది, తెలంగాణలో 7.7 మంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మరుసటి ఏడు మన రెండు జిల్లాలకూ వచ్చింది. అందులో ఈ ఆపరేషన్లు మితిమీరాయని గగ్గోలు లేచాక ప్రైవేటు ఆసుపత్రులకు కట్టడి పెట్టారు. అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లబట్ట, నడుంనొప్పి, క్యాన్సర్ వస్తుందన్న భయం. నాట్లకు పోయే మనిషికి, బీడీలు చుట్టే మనిషికి ఇంతకన్నా కారణం అక్కరలేకపోయింది.

మా చెల్లెల్ని నిర్మల్ వైపు ఇచ్చాము. 1991లో, 36వ ఏట, ఆమెకు ఆ ఆపరేషన్ అయింది. ఆ పుష్యమాసం ఆదిలాబాద్ చలిలో దుప్పటి లేకుండా అరుగు మీద పడుకునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించాము. కట్టించినవాణ్ణి నేనే. 58వ ఏట వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. అప్పుడు పెట్టె అడుగున పాత డిశ్చార్జి కాగితం దొరికితే చదివాను. రెండు అండాశయాలూ తీసినట్టు ఇంగ్లీషులో స్పష్టంగానే ఉన్నది. మందు మాట ఎక్కడా లేదు.

"అండ్ల ఏం రాసిండ్రన్నా?" అని మంచం మీంచి అడిగింది.

ఇరవై రెండేళ్ళ కిందటి కాగితాన్ని అప్పుడు మొదటిసారి ఆమెకు తెలుగులో చదివి వినిపించాను.