షోలాపూరు నేతపేటలో సరకు నిలువ – భద్రతా చరిత్ర

నేతపని చరిత్ర యనగానే మగ్గము స్ఫురించును, మిల్లు స్ఫురించును; గోదాము ఎవరికిని స్ఫురింపదు. అయినను నూలు వచ్చిన దినము మొదలు వస్త్రము అమ్ముడుపోవువరకు సరకు ఎచ్చటనో నిలువయుండవలసినదే. ఆ నిలువ చెంత పనిచేయు మనుష్యుల ప్రాణరక్షణ చరిత్ర యిచ్చట సంగ్రహముగా పరిశీలింపబడుచున్నది.

తెలంగాణ ప్రాంతమునుండి పద్మశాలీలు షోలాపూరునకు తరతరములుగా వలసవచ్చిరి. నేడు సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్ పరిసరములందు తెలుగు మాట వినబడుటకు ఆ వలసలే కారణము. తొలినాళ్లలో ఇల్లే కార్ఖానా, ఇల్లే గోదాము. నూలు చిలపలు దండెముపైనను, నేసిన చీరలు అటకపైనను ఉండెడివి. సరకు తేలిక, పడినను పెద్ద ముప్పు లేదు.

1860లో షోలాపూరునకు రైలుమార్గము వచ్చినది. 1870 దశకమున మొదటి నూలుమిల్లు వెలసినది. అటుపిమ్మట నర్సింగ్ గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వెలసినవి. చిలపల స్థానమున బేళ్లు వచ్చినవి. నేటి పత్తిబేలు ప్రమాణము 170 కిలోలు. అనగా ఇద్దరు ముగ్గురు మనుష్యుల బరువు. ఇట్టి బేళ్లను వరుసపై వరుసగా పేర్చినచోట అడుగు బేలును లాగిన కూలీకి పైబేలే మృత్యువు కాగలదు.

మనదేశమున మొదటి ఫ్యాక్టరీల చట్టము 1881లో వచ్చినది. అది యంత్రశక్తితో నడచుచు 100 మందికి తక్కువ కాని పనివారు గల కార్ఖానాలకే వర్తించెను. 1948 నాటి చట్టము యంత్రశక్తి గలచోట 10 మంది, లేనిచోట 20 మంది యను హద్దు పెట్టినది. నడచు దారుల కడ్డంకులు లేకుండవలెననియు, హాని కలిగించునంతటి బరువును మోయింపరాదనియు శాసించినది. 2020లో చేయబడి 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన వృత్తిభద్రతా స్మృతి ఆ హద్దును 20, 40గా పెంచినది. మిల్లు పెద్దది గనుక చట్టము దానిని చూడగలిగినది. చిన్న మరమగ్గపు షెడ్డు మాత్రము తన భద్రతను తానే చూచుకొనవలసి యున్నది.

ఈ షెడ్ల కాలముననే చద్దర్లు, టెర్రీ తువ్వాళ్లు షోలాపూరు పేరును దేశదేశములకు మోసికొనిపోయినవి. ఇట్టి సరకుకు ఇనుప అరలు సౌకర్యము. నేల చాలనిచోట అవి ఎత్తును స్థలముగా మార్చును. కాని అర కూలుట కొక కంబము వంగిన చాలును. కంబము నిటారుగా నున్నంతవరకే పూర్తి భారమును వహించును. బండి తగిలి వంగినపిదప అదే భారము దానిని మరింత వంచును. అది ఒరిగిన ప్రక్కవరుసపై పడును. 2016 మే నెలలో ఇంగ్లండులోని హిన్‌స్టాక్ వద్ద జున్నుగడ్డల గోదాములో అరలు కూలగా, ఒక పనివాడు దాదాపు 8 గంటలు ఆ రాశి క్రింద చిక్కియుండి ప్రాణములతో బయటపడెను. అందరికిని అట్టి అదృష్టము కలుగదు.

నివారణోపాయములు కఠినములు కావు. బరువైన మూటలు క్రిందియరలోను, తేలికవి పైయరలోను ఉంచవలెను. కంబముల పాదములను నేలకు బోల్టులతో బిగింపవలెను. అడ్డదూలముల కొక్కెములు ఊడిరాకుండ పిన్నులు వేయవలెను. ప్రతియర మోయగల బరువును పనివారు చదువగల భాషలో, అనగా ఇచ్చట తెలుగునను మరాఠీనను, వ్రాసి తగిలింపవలెను. యూరపు దేశముల 2008 నాటి ప్రమాణము ప్రకారము ఒక మీటరు సరళమైన పట్టీని కంబమున కానించి చూడవలెను. దూలముల దిశలో 5 మిల్లీమీటర్లకు, అర లోతు దిశలో 3 మిల్లీమీటర్లకు మించిన వంపు ప్రమాదసూచకము. ఆ వంపు హద్దునకు రెండింతలు దాటినచో వెంటనే సరకు దింపివేయవలెను. ఏడాదికొక్క మారైన నిపుణునిచే తనిఖీ చేయింపవలెను. అరలు లేనిచోట బేళ్లను మెట్లుమెట్లుగా పేర్చి, పైనుండియే తీయవలెను.

2025 మే 18న షోలాపూరు అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలోని తువ్వాళ్ల కార్ఖానాలో అగ్నిప్రమాదమున 8 మంది మరణించిరి. అది అరలు కూలుటవలన కలిగినది కాదు. అయినను సరకు, నివాసము, పని ఒక్కచోటనే యున్న పేటలకు అది హెచ్చరిక. పేర్చిన సరకు ఏనాడును తలుపునకు, దారికి అడ్డు కారాదు.

పడుగులో ఒక్క పోగు తెగినను నేతగాడు మగ్గము నాపి ముడివేసిన పిమ్మటనే మరల నేయును. వస్త్రమునకు తాత తండ్రులు చూపిన ఆ శ్రద్ధనే గోదాములోని వంగిన కంబమునకును చూపినచో, పేటలో ఒక యింటి దీపము ఆరకుండ నిలుచును.