పెట్టె పగిలితే పూచీ ఎవరిది?

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపమని కార్యదర్శి గారు కోరినప్పుడు, కరువు భత్యం గురించీ వైద్య ఖర్చుల బిల్లుల గురించీ రాయడానికి నాకంటె సమర్థులు మన సంఘంలో ఉన్నారనిపించింది. నేను మాత్రం ముప్పై ఏళ్ల కిందట ఒక మనిషికి ఇచ్చిన తప్పుడు సలహాతో మొదలుపెడతాను.

1993లో మాకు తెలిసిన ఒక తమ్ముడు ఐదేళ్ల తర్వాత సౌదీ నుంచి ఇంటికి వచ్చాడు. బొంబాయి దాకా విమానం, అక్కడి నుంచి కోరుట్లకు బస్సు. తెచ్చుకున్నవి తాళ్లతో బిగించిన అట్టపెట్టె ఒకటి, పెద్ద సూట్‌కేసు ఒకటి. వాకిట్లో అందరి ముందు విప్పితే టేప్‌రికార్డరు మూత ఊడి రెండు ముక్కలై ఉంది. సూట్‌కేసు మూల పగిలింది, లోపలి మిక్సీ గిన్నె సొట్టపోయింది. విమానం వాళ్లు కట్టిన చీటీ మాత్రం పిడికి అట్లాగే వేలాడుతోంది. "అన్నా, నువ్వు ఆఫీసుల పనిచేస్తవు గదా, దీనికి ఎవరినన్న అడగొచ్చునా?" అన్నాడు. "అది బొంబాయిలనే చెప్పాలె తమ్మీ. గేటు దాటినంక ఎవరింటరు?" అన్నాను. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఉద్యోగ విరమణ తర్వాత తీరిక దొరికి చట్టం చదివితే తెలిసింది, ఆ రోజు అతనికి ఇంకా గడువు మిగిలే ఉందని. గేటు దాటితే హక్కు పోతుందని ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట నేను కల్పించి చెప్పలేదు, నలుగురూ అనుకునేదే చెప్పాను. అందుకే ఈ పూచీ ఎక్కడ పుట్టిందో, ఎట్లా మారుతూ వచ్చిందో సభ్యుల ముందు పెట్టదలిచాను.

బండ్ల కాలం, రైలు కాలం

ఇతరుల సామాను కిరాయికి మోసేవాడికి పూచీ ఉంటుందన్నది విమానాలకంటె చాలా పాత మాట. మన దేశంలో 1865లోనే క్యారియర్స్ చట్టం వచ్చింది. బంగారం, వెండి, నగలు, గడియారాలు, పట్టుబట్టలు, శాలువలు, గాజు సామాను వంటి వాటికి అందులో ఒక పట్టిక ఉండేది. పట్టికలోని వస్తువు విలువ వంద రూపాయలు దాటితే, సామాను ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెప్పాలి. చెప్పకుంటే మోసేవాడికి పూచీ లేదు. చెబితే అతను ఎక్కువ కిరాయి అడగవచ్చు. "విలువ ముందే చెప్పు" అన్న ఈ సూత్రం ఈనాటి విమాన చట్టంలోనూ ఉంది.

రైలు ప్రయాణాలు మనందరికీ అలవాటే. 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షను ప్రకారం సామాను బుక్ చేసి రసీదు తీసుకుంటేనే రైల్వేకు పూచీ. మన వెంట మనమే పెట్టుకున్న సామానుకైతే రైల్వే ఉద్యోగుల నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయాలి. అప్పగించిన సామాను వేరు, వెంట ఉంచుకున్న సామాను వేరు. విమానాలలోనూ ఈ తేడా కనిపిస్తుంది.

వార్సాలో కుదిరిన తూకం

విమానయానం కొత్తగా పెరుగుతున్న రోజుల్లో, 1929 అక్టోబరు 12న, పోలండు రాజధాని వార్సాలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక జరిగింది. దాని సారాంశం ఒక రాజీ. కౌంటరులో అప్పగించిన సామాను చెడిపోతే తప్పు విమానసంస్థదేనని ముందుగా భావిస్తారు. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేసే భారం వాళ్లదే. అందుకు బదులుగా నష్టపరిహారానికి ఒక హద్దు పెట్టారు: అప్పగించిన సామానుకు కిలోకు 250 ఫ్రాంకులు, ప్రయాణికుడు తనవద్దే ఉంచుకున్న వస్తువులకు మొత్తం 5,000 ఫ్రాంకులు.

ఈ ఫ్రాంకు కాగితపు నోటు కాదు. తొమ్మిది వందల మచ్చ గల 65.5 మిల్లీగ్రాముల బంగారంతో సమానమని ఒడంబడికలోనే రాశారు. 250 ఫ్రాంకులంటే 14.74 గ్రాముల మేలిమి బంగారం, మన పాత లెక్కలో తులంపావు. అంటే ఇరవై కిలోల పెట్టెకు హద్దు పాతిక తులాల బంగారమన్నమాట! చదివినప్పుడు నాకూ నమ్మశక్యం కాలేదు.

కాని ఆ బంగారం ఎవరి చేతికీ రాలేదు. ఫ్రాంకులను రూపాయలలోకో డాలర్లలోకో మార్చేటప్పుడు బజారు ధర కాక ప్రభుత్వాల అధికారిక ధర చూసేవారు. 1978లో అంతర్జాతీయ ద్రవ్యనిధి బంగారానికి అధికారిక ధరను రద్దు చేసిన తర్వాత కూడా చివరి అధికారిక ధరతోనే లెక్క సాగింది. ఆ లెక్కన కిలోకు వచ్చేది 20 డాలర్లు.

దీనిమీద అమెరికాలో పేరుపొందిన దావా ఒకటి నడిచింది. 1979లో ఫ్రాంక్లిన్ మింట్ అనే నాణేల సంస్థ సరుకు 714 పౌండ్లు ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ విమానంలో పోయింది. సంస్థ అడిగింది రెండున్నర లక్షల డాలర్లు. 1984లో అమెరికా సుప్రీంకోర్టు పాత అధికారిక ధర లెక్కే చెల్లుతుందని తేల్చింది. దక్కింది ఆరున్నర వేల డాలర్లకు కాస్త తక్కువ. నాణేలైనా పాతబట్టలైనా తూకం ఒక్కటే. పెట్టెలో ఏముందన్నది కాక ఎంత బరువున్నదన్నదే చట్టం చూసింది.

మన దగ్గరికి వచ్చిన దారి

వార్సా ఒడంబడికను అమలు చేయడానికి బ్రిటిష్ ఇండియాలో 1934లో ఇండియన్ క్యారేజ్ బై ఎయిర్ చట్టం చేశారు. మన హైదరాబాదులో నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను 1945లో బేగంపేట కేంద్రంగా ప్రారంభించారు. 1953లో అది జాతీయం అయి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ విమానాలు ఎక్కినవారు మన పల్లెల్లో ఎందరుంటారు?

మన ప్రాంతానికి విమానం దగ్గరైంది గల్ఫ్ వలసతోనే. 1973లో చమురు ధర పెరిగి ఆ దేశాలలో నిర్మాణాలు మొదలయ్యాక జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల నుంచి జనం కదిలారు. సిరిసిల్ల నేతపనివారికి అంతకుముందే భీవండి, బొంబాయి బాట తెలుసు. ఆ బాట మీదుగానే దుబాయి, మస్కట్, బహ్రెయిన్, సౌదీలకు దారి పడింది. అప్పటికి ఇవన్నీ కరీంనగర్ జిల్లాలోనివే. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరులో ఏర్పడ్డాయి. రైతుకూలీ, సాలెవాడు, మేస్త్రీ తమ జీవితంలో మొదటి విమానం ఎక్కింది బొంబాయిలోనే. తిరిగి వచ్చేటప్పుడు తెచ్చే పెట్టె వాళ్లకు సామాను మాత్రమే కాదు. బిడ్డ పెళ్లికి చీరలు, తల్లికి కంబళి, చెల్లెలికి గడియారం, అన్నీ అందులోనే ఉండేవి.

ఈలోగా చట్టం కూడా కదిలింది. 1955లో హేగ్‌లో వార్సా ఒడంబడికను సవరించారు. దెబ్బతిన్న సామానుకు ఫిర్యాదు గడువు అంతకుముందు మూడు రోజులే ఉండేది, దాన్ని ఏడు రోజులు చేశారు. మన దేశం ఆ సవరణను 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ చట్టంలో చేర్చుకుంది. కోరుట్ల తమ్ముడు పెట్టె విప్పిననాటికి అమల్లో ఉన్నది ఈ చట్టమే. ఒక రాత్రి బస్సు ప్రయాణం పోయినా అతనికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి. పెట్టె విమానంలో పగిలిందా, బస్సు మీద పగిలిందా అని వాళ్లు అడిగేవారే. దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. కాని అర్జీ పెట్టే హక్కు మాత్రం పోలేదు.

కిలో పోయి మనిషి వచ్చాడు

కిలో లెక్కలోని అన్యాయాన్ని సరిదిద్దినది 1999 మే నెలలో మాంట్రియల్‌లో కుదిరిన ఒడంబడిక. అది 2003 నవంబరులో అమల్లోకి వచ్చింది. మన దేశానికి 2009 జూన్ 30 నుంచి వర్తిస్తోంది. గల్ఫ్ దేశాలు ఆరూ అందులో ఉన్నాయి, అమెరికా కూడా ఉంది. ఇందులో బరువు లెక్క తీసేసి ప్రయాణికునికి ఇంత అని హద్దు పెట్టారు. మొదట అది 1,000 ఎస్.డి.ఆర్.లు. ఎస్.డి.ఆర్. అనేది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కించే ఒక విలువ. ధరలు పెరిగేకొద్దీ ఐదేళ్లకొకసారి సమీక్షించే ఏర్పాటు ఉంది. ఆ ప్రకారం 2009 చివర 1,131, 2019 చివర 1,288, 2024 చివర 1,519 అయింది. 1,519 అంటే సుమారు రెండు వేల డాలర్లు. మన ప్రభుత్వం ఈ హద్దులను నోటిఫికేషను ద్వారా మార్చుకునే వీలు 2016 సవరణతో వచ్చింది. కనుక ప్రయాణం నాటికి వర్తించే అంకెను టికెట్టు నియమాలలో చూసుకోవడం మంచిది.

దేశంలోపల ప్రయాణాలకు చాలాకాలం కిలోకు 450 రూపాయలే హద్దుగా ఉండేది. 2014 జనవరి నోటిఫికేషనుతో అది ప్రయాణికునికి 20,000 రూపాయలైంది. హద్దు అంటే అంత ఇచ్చి తీరతారని కాదు. జరిగిన నష్టాన్ని మనం చూపించాలి, ఆ నష్టం ఎంతైతే అంత, హద్దు లోపల.

పూచీ ఎవరిది, ఎప్పుడు కాదు

కౌంటరులో అప్పగించినది మొదలు మన చేతికి వచ్చేదాకా, సామాను విమానసంస్థ ఆధీనంలో ఉన్నంతసేపూ పూచీ ఆ సంస్థదే. లోడరు విసిరేశాడు, అతను మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి అని తప్పించుకోవడానికి లేదు. వాళ్ల పని చేసేవాడు చట్టం దృష్టిలో వాళ్ల ఏజెంటే. వెంట తీసుకువెళ్లిన సంచికైతే వాళ్ల తప్పు వల్ల నష్టం జరిగినప్పుడే పూచీ.

అమెరికాలోని పిల్లల దగ్గరికి రెండు మూడు విమానాలు మారి వెళ్లే మన సభ్యులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఒకే టికెట్టు మీద వేర్వేరు సంస్థల విమానాలు ఎక్కినప్పుడు మొదటి సంస్థనైనా, చివరి సంస్థనైనా, నష్టం జరిగినప్పుడు మోసిన సంస్థనైనా అడగవచ్చు. "మా దగ్గర కాదు, వాళ్ల దగ్గరికి పొండి" అన్న మాటకు లొంగనక్కరలేదు.

అయితే వస్తువు స్వభావం వల్లనో లోపం వల్లనో జరిగిన నష్టానికి వాళ్లకు పూచీ లేదు. ఒకసారి మా ఇంటావిడ ఆవకాయ సీసాను పలచటి కవరులో చుట్టి సూట్‌కేసులో సర్దింది. సీసా మూత వదులై నూనె కారి, కోడలికని కొన్న రెండు చీరలు ఎర్రబడ్డాయి. సూట్‌కేసుకు బయట చిన్న గీత కూడా లేదు. ఆ తప్పు మాదే, ఎవరినీ అడగలేదు. కట్టు సరిగా లేని అట్టపెట్టెకు విమానం వాళ్లు "పూచీ పరిమితం" అన్న చీటీ కట్టి సంతకం చేయించుకోవడం కూడా ఇందుకే. ఆ సంతకం చదివి పెట్టాలి. విలువైన వస్తువు తప్పనిసరిగా అప్పగించవలసి వస్తే ముందే విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టాలి. 1865 నాటి సూత్రమే ఇది. మందులు, నగలు, పింఛను కాగితాలు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

ఏడు రోజులు, రెండేళ్లు

దెబ్బతిన్న సామానుకు ఫిర్యాదు చేతికి వచ్చిన రోజు నుంచి ఏడు రోజులలో, ఆలస్యంగా వచ్చినదానికి ఇరవై ఒక్క రోజులలో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇరవై ఒక్క రోజులైనా రాని సామాను కోసం నష్టపరిహారం అడగవచ్చు. దావాకు రెండేళ్ల గడువు. నోటిమాట చెల్లదు. ఫిర్యాదు చేయకుండా తీసుకుంటే సామాను మంచి స్థితిలోనే అందినట్టు భావిస్తారు. కాబట్టి బెల్టు దగ్గరే చూసుకుని, విమానాశ్రయంలోనే రిపోర్టు రాయించి నకలు తీసుకోవడం అన్నిటికంటె బలమైన సాక్ష్యం. అక్కడ కుదరకపోతే ఇంటికి వచ్చాకనైనా ఫొటోలు తీసి, చీటీ, బోర్డింగు పాసు, కొన్న రసీదుల నకళ్లు జతచేసి పంపాలి. ఫైళ్లతో బతుకంతా గడిపిన మనకు ఇది కొత్త విద్య కాదు.

పాత వినియోగదారుల చట్టం (1986) కింద అవతలి పక్షం ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వేయవలసి వచ్చేది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం మనం నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. విమానసంస్థల మీద ఫిర్యాదులను వినియోగదారుల కమిషన్లు వినవచ్చునని సుప్రీంకోర్టు 2011లో ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేస్ కేసులో చెప్పింది.

పోయిన ఏడాది ఆ కోరుట్ల తమ్ముని కొడుకు దుబాయి నుంచి వచ్చాడు. ఇప్పుడు శంషాబాదులోనే దిగుతున్నారు. సూట్‌కేసు చక్రాలు విరిగి ఉన్నాయని మూడో రోజున తండ్రి నాకు ఫోను చేశాడు, పాత సంగతి గుర్తుచేయకుండానే. నేనే వెళ్లి అర్జీ రాసిచ్చాను. నెలన్నర తిరిగాక మరమ్మతు ఖర్చు వచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా కాగితం మీద తన పేరు, తన పెట్టె సంగతి రాసి జవాబు వచ్చినందుకు ఆ పిల్లవాడు సంతోషించాడు. తండ్రికి నేను బాకీ పడ్డది మాత్రం తీరలేదు.

మన శాఖలలోని ప్రతి వీధిలో గల్ఫ్ నుంచి వచ్చేవారో, అమెరికా వెళ్లేవారో ఒకరైనా ఉంటారు. అర్జీ రాయగల చేయి మనది. ఏడు రోజుల సంగతి తెలిసినవారికల్లా చెప్పాలని సభ్యులకు నా మనవి.