క్రిప్టో ఉన్న ఫోన్‌తో విదేశాలకు వెళ్తున్నారా? విమానం ఎక్కేముందే ఇవి చూసుకోండి

మదనపల్లె నుంచి కువైట్‌కు పనికి వెళ్లేవాళ్లు, పుంగనూరు నుంచి ఎంఎస్ కోసం అమెరికా బయల్దేరే విద్యార్థులు, కుప్పం నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కంపెనీ పని మీద సింగపూర్, దుబాయ్ తిరిగేవాళ్లు... వీళ్లలో కొందరి ఫోన్లలో ఇప్పుడు క్రిప్టో యాప్ కూడా ఉంటోంది. ‘ఫోన్‌లోనే ఉంది కదా, ఎక్కడికెళ్లినా వాడుకోవచ్చు’ అనే ధీమా చాలామందిది.

ఆ ధీమా రెండు చోట్ల దెబ్బతీస్తుంది. బిట్‌కాయిన్ అన్ని దేశాల్లో ఒకటే అయినా దాని మీద చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. ఇక ఫోన్ పోతే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించినట్టు క్రిప్టోను ఆపించలేం. అందుకే ప్రయాణానికి ముందు, ప్రయాణంలో, తిరిగొచ్చాక ఏం చేయాలో తెలుసుకోండి.

అసలు మీ వెంట వచ్చేది ఏమిటి?

క్రిప్టో మీ ఫోన్‌లో ఉండదు. ఏ వాలెట్‌లో ఎంత ఉందనే లెక్క ప్రపంచమంతా ఉన్న వేల కంప్యూటర్లలో నమోదై ఉంటుంది. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. మీ వెంట వచ్చేది తాళంచెవి మాత్రమే.

ఈ తాళంచెవి రెండు రకాలుగా ఉంటుంది. ఎక్స్ఛేంజ్ యాప్‌లో కొని అక్కడే ఉంచితే అసలు తాళంచెవి ఆ కంపెనీ దగ్గర ఉంటుంది. మీ దగ్గర ఉండేది పాస్‌వర్డ్, ఓటీపీ. సొంత వాలెట్ పెట్టుకుంటే తాళంచెవి మీదే. చాలా వాలెట్లు మొదట్లోనే 12 లేదా 24 ఇంగ్లిష్ పదాల వరస ఇస్తాయి. దీన్నే సీడ్ ఫ్రేజ్ అంటారు. ఫోన్ పగిలినా, పోయినా ఆ పదాలుంటే మరో ఫోన్‌లో మీ క్రిప్టో తిరిగొస్తుంది. ఆ పదాలు వేరొకరి చేతిలో పడితే మీ ఫోన్ మీ దగ్గరే ఉన్నా క్రిప్టో వాళ్లదైపోతుంది.

కాబట్టి ఎంత తక్కువ తాళంచెవి వెంట తీసుకెళ్తే అంత భద్రం.

మీరు వెళ్లే దేశంలో చట్టం ఏమంటోంది?

మన దేశంలో క్రిప్టో చట్టబద్ధమైన కరెన్సీ కాదు. అలాగని కొనడం, అమ్మడం నేరమూ కాదు. రిజర్వ్ బ్యాంక్ 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టేసింది. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి. ఇక్కడ సేవలందించాలంటే కేంద్ర ఆర్థిక శాఖ కింద ఉన్న ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో అవి నమోదు చేసుకోవాలి.

విమానం దిగాక ఈ లెక్క మారిపోతుంది.

కువైట్: మదనపల్లె, రాయచోటి వైపు నుంచి వెళ్లేవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. అక్కడి క్యాపిటల్ మార్కెట్స్ అథారిటీ 2023 జులైలో క్రిప్టోతో చెల్లింపులు, పెట్టుబడులు, మైనింగ్ మూడింటినీ పూర్తిగా నిషేధించింది. అక్కడ ఉన్నన్నాళ్లూ కొనడం, అమ్మడం, ఎవరికైనా క్రిప్టోలో చెల్లించడం పెట్టుకోవద్దు. వీసా మీద బతికే చోట చిన్న కేసు కూడా ఉద్యోగం మీదికి వస్తుంది.

దుబాయ్: 2022లో చట్టం చేసి, క్రిప్టో వ్యాపారాలకు లైసెన్సులిచ్చేందుకు వారా అనే సంస్థను ఏర్పాటు చేశారు. లైసెన్సున్న సంస్థలతోనే లావాదేవీ చేయండి. రోడ్డు మీద, వాట్సాప్‌లో పరిచయమైనవాళ్ల దగ్గర నగదుకు కొనొద్దు.

సింగపూర్: క్రిప్టో సేవలకు అక్కడి కేంద్ర బ్యాంకు మాస్ లైసెన్సు కావాలి.

అమెరికా: కొనడం, అమ్మడం చట్టబద్ధమే. కానీ క్రిప్టోను ఆస్తిగా లెక్కించి పన్ను వేస్తారు.

చైనా, నేపాల్: చైనా 2021 సెప్టెంబరులో క్రిప్టో లావాదేవీలన్నీ చట్టవిరుద్ధమని ప్రకటించింది. నేపాల్‌లోనూ నిషేధం ఉంది. పాస్‌పోర్టు లేకుండానే వెళ్లొచ్చు కదా అని నేపాల్‌ను తేలిగ్గా తీసుకోవద్దు.

బయల్దేరే ముందు ఏం చేయాలి?

ఈ పనులు కనీసం వారం ముందే పూర్తిచేయండి. పాస్‌వర్డ్ మార్చినా, కొత్త ఫోన్‌లో లాగిన్ అయినా కొన్ని ఎక్స్ఛేంజ్‌లు కొంతసేపు విత్‌డ్రాయల్స్ ఆపేస్తాయి. ప్రయాణం రోజున ఆ తలనొప్పి వద్దు.

1. ఎక్కువ మొత్తాన్ని ఇంటిదగ్గరే వదలండి. పెద్ద మొత్తం ఉంటే పెన్‌డ్రైవ్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్‌లో పెట్టి ఇంట్లో భద్రంగానో, బ్యాంకు లాకర్లోనో ఉంచండి. వాలెట్‌ను తయారీ కంపెనీ నుంచో, దాని అధీకృత డీలర్ నుంచో మాత్రమే కొనండి. సెకండ్ హ్యాండ్‌ది అసలే వద్దు.

2. సీడ్ ఫ్రేజ్‌ను కాగితం మీద చేత్తో రాయండి. ఫొటో తీయొద్దు. గూగుల్ డ్రైవ్‌లో, జీమెయిల్‌లో, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం కూడా వద్దు. ఆ కాగితాన్ని హార్డ్‌వేర్ వాలెట్ ఉన్న బ్యాగులో పెట్టొద్దు. తాళాన్నీ, తాళంచెవినీ ఒకే సంచిలో పెట్టినట్టవుతుంది.

3. ఓటీపీ మీదే ఆధారపడొద్దు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. విదేశంలో ఫోన్ పోతే అందులోని మన సిమ్ కూడా పోతుంది. డూప్లికేట్ సిమ్ అక్కడ దొరకదు. ఓటీపీ రాదు, ఖాతా తెరుచుకోదు. అందుకే వెళ్లేముందే ఆథెంటికేటర్ యాప్‌కు మారండి. ఆ సమయంలో ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా ఉంచండి.

4. సిమ్‌ను బతికించుకోండి. ప్రీపెయిడ్ నంబరును వరుసగా 90 రోజులు వాడకపోతే రద్దయ్యే ప్రమాదముంది. తర్వాత ఆ నంబరు వేరొకరికి వెళ్లొచ్చు. రెండేళ్ల కాంట్రాక్టు మీద కువైట్ వెళ్లేవాళ్లు రీఛార్జ్ బాధ్యతను ఇంట్లో ఎవరికైనా అప్పగించండి. అంతర్జాతీయ రోమింగ్‌ను ఇక్కడే ఆన్ చేయించుకోండి.

5. ఇంట్లో ఒకరికైనా చెప్పండి. క్రిప్టో ఉందన్న సంగతి భార్యకో, భర్తకో, తల్లిదండ్రులకో తెలియకపోతే మీకేదైనా జరిగిన రోజున అది ఎవరికీ అందదు. సీడ్ ఫ్రేజ్ చదివి వినిపించక్కర్లేదు. ఏ వాలెట్‌లో ఉంది, కాగితం ఎక్కడుంది అన్నది నమ్మకమైన ఒక్కరికి తెలిస్తే చాలు.

మొత్తం ఎక్స్ఛేంజ్‌లోనే వదిలేస్తే సరిపోతుందా?

చిన్న మొత్తమైతే అది సులువే. కానీ అక్కడా ప్రమాదం ఉంది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ వాలెట్ నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను కాజేశారు. ఆ తర్వాత ఏడాదికి పైగా వినియోగదారులు తమ క్రిప్టోను తీసుకోలేకపోయారు. ఫీజుకో, టికెట్‌కో అక్కరకొస్తుందని దాచుకున్న డబ్బు ఇలా ఇరుక్కుంటే విదేశంలో ఉన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు. ప్రయాణ ఖర్చులకు ఫారెక్స్ కార్డు, కొంత నగదు ఎలాగూ ఉండాలి. క్రిప్టోను ఆపద్ధర్మ డబ్బుగా లెక్కలో వేసుకోవద్దు.

దారిలో, విమానాశ్రయంలో

ఈ మూడు ఊళ్ల వాళ్లకూ అంతర్జాతీయ ప్రయాణానికి బెంగళూరు విమానాశ్రయమే దగ్గర. కుప్పం నుంచి రైల్లో, మదనపల్లె, పుంగనూరు నుంచి బస్సులో అక్కడికి చేరేలోపే ఫోన్ పోయే అవకాశం ఉంది. నిద్రపోయేటప్పుడు ఫోన్‌ను, హార్డ్‌వేర్ వాలెట్‌ను పైన లగేజీలో కాకుండా ఒంటి మీద ఉండే పర్సులో పెట్టుకోండి.

విమానంలో హార్డ్‌వేర్ వాలెట్‌ను చెక్-ఇన్ లగేజీలో వేయొద్దు. చేతి బ్యాగులోనే ఉంచండి.

మరి కస్టమ్స్‌లో క్రిప్టోను చూపించాలా? భారత్‌కు వచ్చేటప్పుడు 5,000 డాలర్లకు మించి విదేశీ నోట్లున్నా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 డాలర్లు దాటినా డిక్లరేషన్ ఇవ్వాలి. వాలెట్‌లోని క్రిప్టో ఈ నోట్ల లెక్కలోకి రాదు. అలాగని అధికారి అడిగితే అబద్ధం చెప్పొద్దు. అమెరికా సరిహద్దు అధికారులకు ప్రయాణికుల ఫోన్లు తనిఖీ చేసే అధికారం ఉంది. ఫోన్ తెరవనని చెబితే వీసా మీద వెళ్లినవాళ్లను వెనక్కి పంపొచ్చు. ఆ క్షణంలో మీ ఫోన్‌లో పెద్ద వాలెట్ లేకపోవడమే మంచిది.

అక్కడికి చేరాక

విమానాశ్రయం, హోటల్, కేఫ్ వైఫైలో వాలెట్ తెరవొద్దు. మొబైల్ డేటా వాడండి. కొత్త దేశంలో లాగిన్ అయితే ‘మీ ఖాతా ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి’ అంటూ మెసేజ్ రావచ్చు. ఆ లింక్‌ను ముట్టుకోకుండా నేరుగా యాప్ తెరిచి చూడండి. ఏ కస్టమర్ కేర్ అయినా సీడ్ ఫ్రేజ్ అడిగిందంటే అది మోసమే.

ఎవరికైనా పంపాల్సి వస్తే ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని తేలాక మిగతాది పంపండి. చిరునామాలో మొదటి, చివరి అక్షరాలే కాకుండా మధ్యవి కూడా సరిచూడండి. యూఎస్‌డీటీ లాంటివి పలు నెట్‌వర్క్‌ల మీద నడుస్తాయి. తప్పు నెట్‌వర్క్ ఎంచుకుంటే పంపింది తిరిగి రాకపోవచ్చు.

క్రిప్టో ఉందని రూమ్‌మేట్లకు, ఫేస్‌బుక్ గ్రూపుల్లో చెప్పుకోవద్దు.

కువైట్ నుంచి ఇంటికి యూఎస్‌డీటీతో డబ్బు పంపొచ్చా?

‘దినార్లు నాకివ్వు. యూఎస్‌డీటీగా మార్చి, మీ ఇంటివాళ్ల ఖాతాలో రూపాయలు వేయిస్తా. బ్యాంకు కంటే రేటు ఎక్కువ’ అని ఎవరైనా అంటే ఆగండి. ఆ రూపాయలు వేసేది మీకు ముక్కూమొహం తెలియని వ్యక్తి. అవి సైబర్ మోసంలో ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బులైతే, బాధితుడు ఫిర్యాదు చేయగానే డబ్బు చేరిన ఖాతాలన్నింటినీ పోలీసులు ఆపించగలరు. ఆ వరసలో పుంగనూరులో మీ అమ్మగారి ఖాతా కూడా ఉండొచ్చు. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే ఆ పోలీసులకు సమాధానం చెప్పుకోవాలి. నాలుగు రూపాయల రేటు కోసం పిల్లల ఫీజు డబ్బు నెలల తరబడి ఇరుక్కుంటుంది. పైగా అటు కువైట్‌లో నిషేధం, ఇటు మన విదేశీ మారక చట్టం ఫెమా. జీతం డబ్బును బ్యాంకు ద్వారానో, లైసెన్సున్న ఎక్స్ఛేంజ్ హౌస్ ద్వారానో పంపి రసీదు దాచుకోండి.

విదేశంలో అమ్మితే పన్ను తప్పుతుందా?

మీరు పన్ను లెక్కలో భారత నివాసి అయితే తప్పదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. ఉదాహరణకు లక్షకు కొని లక్షన్నరకు అమ్మితే లాభం 50,000 రూపాయలు. పన్ను 15,000, సెస్సు 600, మొత్తం 15,600. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. 2022 జులై 1 నుంచి అమ్మకం విలువపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. దాన్ని రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఒక కాయిన్ ఇచ్చి మరోటి తీసుకున్నా, దుబాయ్ హోటల్‌లో క్రిప్టోతో బిల్లు కట్టినా అది బదిలీ కిందికే వస్తుంది. విదేశీ ఎక్స్ఛేంజ్‌లో ఖాతా ఉంటే రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ సంగతి చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడిగి తేల్చుకోండి. కొన్న తేదీ, ధర, లావాదేవీల జాబితాను ఏటా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఫోన్ పోయినా, క్రిప్టో పోయినా వెంటనే ఏం చేయాలి?

ఫోన్ పోతే: సొంత వాలెట్ అయితే ఇంటి దగ్గరున్న సీడ్ ఫ్రేజ్‌తో మరో పరికరంలో తెరిచి, మొత్తాన్ని వెంటనే కొత్త వాలెట్‌కు మార్చండి. ఎక్స్ఛేంజ్ ఖాతా అయితే ఈమెయిల్ ద్వారా దాన్ని ఆపించండి. దొంగతనం మన దేశంలోనే జరిగితే పోలీసు ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. రైల్లో పోతే రైల్వే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

క్రిప్టో పోతే: 1930కి ఫోన్ చేయండి. లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. విదేశం నుంచి 1930 కలవకపోతే ఇంట్లోవాళ్లతో చేయించండి. లావాదేవీ ఐడీ, డబ్బు వెళ్లిన వాలెట్ చిరునామా, సమయం, స్క్రీన్‌షాట్లు ఇవ్వండి. దొంగ ఆ క్రిప్టోను నమోదైన ఎక్స్ఛేంజ్‌కు చేర్చితే అక్కడ ఆపించే అవకాశం ఉంటుంది. అందుకే గంటలు కాదు, నిమిషాలు ముఖ్యం. మన దేశంలో ఉంటే ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. ఘటన మా పరిధిలో జరగలేదంటూ వెనక్కి పంపకూడదు.

ఫిర్యాదు చేశాక ‘మీ క్రిప్టో తిరిగి రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అంటూ టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్లుంటారు. అది రెండో మోసం. అలాంటివాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు.