చిన్న వ్యాపారం వెబ్‌సైట్: మార్పు మొదలవ్వాల్సింది కొనేవారి ప్రశ్నల నుంచి

చిన్న దుకాణాల వెబ్‌సైట్లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. పైన వాటంతట అవే కదిలే పెద్ద ఫొటోలు, కింద ‘మా గురించి’, దాని పక్కన యజమాని సందేశం, అట్టడుగున ఒక ఫోన్ నంబరు. కొనడానికి వచ్చిన మనిషి చివరికి ఆ నంబరు దగ్గరికే చేరతాడు. తనకు కావాల్సిన సమాధానం పైన ఎక్కడా దొరకదు మరి. 2010లో రాండల్ మన్రో తన ‘ఎక్స్‌కేసీడీ’ కార్టూన్‌లో విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లను ఇలాగే వెక్కిరించాడు. హోంపేజీలో ఉండేవి ఒక వృత్తంలో, జనం వెతికేవి మరో వృత్తంలో గీశాడు. రెండూ కలిసే చోట మిగిలింది సంస్థ పూర్తి పేరు ఒక్కటే.

అమ్మకాలు తగ్గినప్పుడు యజమానికి ముందుగా తోచేది సైటు పాతబడిందని. దాంతో కొత్త రంగులు, కొత్త లోగో వస్తాయి. ఖర్చవుతుంది, ఫోన్లు మాత్రం అవే ప్రశ్నలతో మోగుతూనే ఉంటాయి.

ఉదాహరణకు పోచంపల్లి చీరలు అమ్మే ఒక కుటుంబ దుకాణాన్ని ఊహించుకుందాం. దాని వెబ్‌సైట్‌ను మార్చాలంటే మొదట చూడాల్సింది డిజైన్ నమూనాలను కాదు, దుకాణం వాట్సాప్‌ను. గత రెండు మూడు నెలల సందేశాల్లో కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకుంటే చాలు. ఇలాంటి దుకాణానికి వచ్చే ప్రశ్నలు ఊహించలేనివేమీ కావు. ఇది చేనేతా, ప్రింటా? రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా? బ్లౌజు ముక్క ఉందా? పెళ్లి నాటికి అందుతుందా? అమెరికాకు పంపుతారా? పదేపదే వచ్చే ప్రతి ప్రశ్నా సైటులో ఏదో ఒక సమాచారం లేదని చెబుతున్నట్టే. గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలు టైపు చేసి సైటుకు వచ్చారో కూడా కనిపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే సగం పని అయినట్టే.

‘ఇది నిజంగా చేనేతేనా?’

వీటిలో మొదటి ప్రశ్నే అన్నిటికంటే బరువైనది. ఇక్కత్ డిజైన్లను మిల్లు బట్ట మీద అచ్చు వేసి తక్కువ ధరకు అమ్మేవాళ్లు ఉన్నారు. ఫొటోలో చూస్తే తేడా చటుక్కున తెలియదు. నేసేవారికి కూలి గిట్టుబాటు కావాలంటే ఆ తేడా కొనేవారికి కనిపించి తీరాలి. ‘నూటికి నూరుపాళ్లు అసలైనది’ అని పెద్ద అక్షరాల్లో రాసినంత మాత్రాన ఎవరూ నమ్మరు. అచ్చు వేసేవాళ్లూ అదే మాట రాస్తారు.

నమ్మించే పని ఒక ఫొటో చేయగలదు. ఇక్కత్‌లో నేయడానికి ముందే పోగులకు కట్లు కట్టి రంగులు అద్దుతారు. అందుకే డిజైన్ బట్టకు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, బొమ్మల అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసిన బట్టకు సాధారణంగా వెనుక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. కాబట్టి ప్రతి చీరకూ వెనుక వైపు దగ్గరగా తీసిన ఫొటో ఒకటి, దాని కింద ఈ తేడాను రెండు వాక్యాల్లో వివరిస్తే చాలు. 2006లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్ చీరకు ఉంటే ఆ లేబుల్ ఫొటో కూడా అక్కడే ఉండాలి, ‘మా గురించి’ పేజీలో కాదు.

రంగు ప్రశ్నకు పగటి వెలుతురులో తీసిన ఫొటో, కట్టుకున్న మనిషి మీద ఇరవై సెకన్ల వీడియో పనికొస్తాయి. పొడవు, బ్లౌజు ముక్క కొలతలు ధర పక్కనే ఉండాలి. తేదీ ప్రశ్నకు ‘త్వరగా పంపుతాం’ అనేది జవాబు కాదు. సిద్ధంగా ఉన్న చీర ఎన్నాళ్లకు చేరుతుంది, నేయించాల్సింది అయితే ఎన్ని వారాలు పడుతుంది అనేవి విడిగా చెప్పాలి. విదేశాల ప్రశ్న ఇప్పుడు మరింత ముదిరింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చిన సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. డల్లాస్‌లో ఉన్న కూతురికి చీర పంపాలనుకునే తల్లికి, ఆ సుంకం ఎవరు కట్టాలో డబ్బు చెల్లించకముందే తెలియాలి.

ఫోన్ తెర, చెల్లింపు

కొనేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లో. యజమాని మాత్రం కొత్త సైటును డిజైనర్ కంప్యూటర్ మీద చూసి సరేనంటాడు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. కెమెరా నుంచి నేరుగా ఎక్కించిన ఫొటోలతో అది సాధ్యం కాదు, వాటిని కుదించాలి. తెలుగు వివరాలను బొమ్మలుగా పెట్టడం, పాత డీటీపీ ఫాంట్లలో ఉంచడం మరో పొరపాటు. యూనికోడ్‌లో ఉంటేనే వెతికినప్పుడు అవి నికరంగా దొరుకుతాయి.

చెల్లింపు దగ్గర జరిగే నష్టానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. అమెరికా డిజైన్ నిపుణుడు జేర్డ్ స్పూల్ 2009లో ఒక పెద్ద అమ్మకాల సంస్థ అనుభవాన్ని, దాని పేరు చెప్పకుండా, రాశారు. కొనే ముందు ఖాతా తెరవమని అడిగే బటన్‌ను తీసేసి, ఖాతా లేకుండానే ముందుకు సాగే వీలు కల్పించారు. కొనుగోళ్లు 45 శాతం పెరిగాయని, తొలి ఏడాది అదనపు ఆదాయం 30 కోట్ల డాలర్లని ఆయన లెక్క. చిన్న దుకాణానికి ఆ అంకెలు వర్తించకపోవచ్చు, కానీ ఒక్క చీర కోసం పాస్‌వర్డ్ పెట్టుకోమనడం ఎక్కడైనా ఒకటే విసుగు. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, యూపీఐ చాలు.

చివరి మెట్టులో హఠాత్తుగా ప్యాకింగ్ చార్జీ ప్రత్యక్షమైతే కొనేవాళ్లు వెనక్కి వెళ్తారు. అది చట్టపరంగానూ చిక్కే. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించాయి. ధరను దాచి చివర్లో బయటపెట్టడం, అడగకుండా బుట్టలో అదనపు వస్తువు చేర్చడం అందులో ఉన్నాయి. వాపసు నియమాలు, చిరునామా, ఫిర్యాదు చేయాల్సిన మనిషి వివరాలు చూపాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఇవన్నీ కొనేవారు ఎటూ అడిగేవే.

తెరిచే ముందు

కొత్త సైటు సిద్ధమయ్యాక దుకాణంతో సంబంధం లేని ఐదుగురికి ఫోన్ ఇచ్చి, పదివేల లోపు పట్టు చీర ఒకటి వెతికి చెల్లింపు దాకా వెళ్లమనాలి. పక్కన కూర్చుని చూడాలి, సాయం చేయకూడదు. చిన్న పరీక్షలకు ఐదుగురు చాలని జేకబ్ నీల్సన్ 2000లో వాదించారు. దాని మీద తర్వాత చర్చలు జరిగాయి కానీ, అసలు ఎవరికీ చూపించకుండా తెరవడం కంటే ఇది ఎంతో నయం. ఎక్కువమంది తడబడే చోటు సాధారణంగా యజమానికి బాగా నచ్చిన చోటే అయి ఉంటుంది.

పాత పేజీల చిరునామాలు మారితే వాటి నుంచి కొత్తవాటికి శాశ్వత మళ్లింపు పెట్టాలి. లేకపోతే ఏళ్ల తరబడి వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్న లింకులన్నీ ఖాళీ పేజీలకు చేరతాయి, గూగుల్‌లో సంపాదించుకున్న స్థానమూ పోతుంది. డొమైన్ ఎవరి పేరున ఉందో ఈ పని మొదలయ్యే రోజే చూసుకోవాలి. సైటు చేసిచ్చిన కుర్రాడి పేరున ఉండి, అతను ఊరు మారిపోయాడంటే దుకాణం తన సొంత బోర్డును తానే మార్చుకోలేదు.

రెండు నెలల తర్వాత మళ్లీ ఆ వాట్సాప్ సందేశాలే తెరిచి గీతలు లెక్కపెట్టాలి. ‘ఇది చేనేతా?’ అన్న ప్రశ్నలు తగ్గి, ‘ఇదే నీలంలో ఉందా?’ అన్నవి పెరిగితే సైటు పనిచేస్తున్నట్టు.