తడి ఘాట్‌లో ‘రీజెన్’ను నమ్ముకోరాదు
విద్యుత్ వాహన చోదకులకు శీతాకాలపు జాగ్రత్తలు

సాలూరు: విజయనగరం నుంచి సాలూరు, సుంకి మీదుగా కొరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారిలో పి.కోనవలస ఘాట్ మలుపుల మయం. శీతాకాలం తెల్లవారుజామున పొగమంచుకు ఈ దారి తడిసి ఉంటుంది. ఇక్కడ నీరు గడ్డకట్టకపోయినా, తడి తారుపై టైరుకు పట్టు తగ్గుతుంది. మైదానంలో నూర్పిడికి రోడ్డుపై పరిచే చోళ్లు, ఉలవలు, ట్రాక్టర్ల చక్రాల వెంట వచ్చే పొలం బురద జారుడును మరింత పెంచుతాయి. ఇటువంటి చోట్ల విద్యుత్ వాహనంలోని రీజనరేటివ్ బ్రేకింగ్ తీరు తెలిసి ఉండాలి.

పనిచేసే విధానం

యాక్సిలరేటర్ వదలగానే మోటారు జనరేటరుగా మారుతుంది. చక్రం వేగం విద్యుత్తుగా మారి బ్యాటరీకి చేరుతుంది, వాహనం నెమ్మదిస్తుంది. డీజిలు లారీ తక్కువ గేరులో ఘాట్ దిగినట్లే ఇదీ. దీనివల్ల బ్రేకులు అతిగా వేడెక్కవు.

ఎందుకు జారుతుంది?

సాధారణ బ్రేకు అన్ని చక్రాలపై పనిచేస్తుంది. రీజెన్ ప్రభావం మోటారు తిప్పే చక్రాలపైనే ఉంటుంది. స్కూటరులో అది వెనుక చక్రం ఒక్కటే. తడి మలుపులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే ఆ చక్రం పట్టు కోల్పోయి వాహనం పక్కకు జారవచ్చు. పలు కార్లలో చక్రం జారితే రీజెన్‌ను తగ్గించే ఏర్పాటు ఉంది. అన్ని వాహనాల్లోనూ ఉంటుందని భావించరాదు.

నిండు బ్యాటరీతో చిక్కు

బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే వచ్చే విద్యుత్తును తీసుకోలేదు. అప్పుడు రీజెన్ దాదాపు పనిచేయదు. అలవాటుపడిన చోదకునికి బండి న్యూట్రల్‌లో దిగుతున్నట్లు అనిపిస్తుంది. ఘాట్ పైభాగంలో ఛార్జింగ్ పెట్టేవారు 80, 90 శాతం వద్ద ఆపడం మేలు.

పాటించవలసినవి

* తడి రోడ్డుపై రీజెన్‌ను తక్కువ స్థాయిలో ఉంచాలి.
* మలుపునకు ముందే వేగం తగ్గించాలి. యాక్సిలరేటర్‌ను మెల్లగా వదలాలి.
* వాలులో బ్రేకు పెడల్‌పై కాలు సిద్ధంగా ఉంచాలి. స్కూటరుపై రెండు బ్రేకులనూ మృదువుగా నొక్కాలి.
* రీజెన్ స్వల్పంగా ఉన్నప్పుడు బ్రేకు దీపం వెలగకపోవచ్చు. పొగమంచులో వెనుక వచ్చేవారికి తెలిసేలా బ్రేకును తేలికగా తాకాలి.
* అరిగిన టైర్లతో ఘాట్ ఎక్కరాదు. రీజెన్ అయినా, బ్రేకు అయినా చివరికి ఆధారపడేది టైరు పట్టుపైనే.