ఒడ్డి సంవరణి

పైత్యరసనాళం, క్లోమనాళం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి తెరుచుకునే చోట ఆ ద్వారాన్ని చుట్టి ఉండే నునుపు కండరం ఒడ్డి సంవరణి. ఇది మన ఇష్టానికి లోబడదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు చాలావరకు బిగిసే ఉంటుంది. కాలేయం రోజుకు 600 నుంచి 1,000 మిల్లీలీటర్ల దాకా తయారుచేసే పైత్యరసంలో ఎక్కువ భాగం అందుకే పేగులోకి దిగక పిత్తాశయంలోకి మళ్లుతుంది, అక్కడ నీరు ఇంకి చిక్కబడుతుంది. కొవ్వున్న తిండి పేగుకు చేరగానే దాని గోడ నుంచి కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను రక్తంలో కలుస్తుంది. పిత్తాశయాన్ని అది ముడుచుకోమంటుంది, సంవరణిని సడలమంటుంది. ఒకే హార్మోను రెండు కండరాలకు ఇలా ఎదురెదురు ఆజ్ఞలివ్వడంలోనే ఉంది ఇందులోని నేర్పంతా. ముద్దపప్పులో వేసుకున్న నెయ్యి సరిగ్గా అరగాలంటే ఈ రెండు పనులూ జతగా జరగాలి.

ఈ కండరాన్ని ముందుగా గుర్తించింది ఒడ్డి కాదు. నాళం చివర వలయాకారపు పోగులున్నాయని ఇంగ్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ 1654లోనే కాలేయంపై తన గ్రంథంలో రాశాడు. కానీ అవి ఉన్నాయని చెప్పడం వేరు, అవి చేసే పనిని కొలిచి చూపడం వేరు. రెండో పని చేసింది ఇటలీలోని పెరూజాలో చదువుకుంటున్న రుగ్గెరో ఒడ్డి. 1887 నాటికి అతనికి ఇరవై మూడేళ్లు, ఇంకా వైద్యవిద్యార్థే. కుక్కల్లో పిత్తాశయం తీసేస్తే పైత్యరసనాళాలు ఉబ్బుతున్నాయి. కింద ఏదో అడ్డు ఉంటే తప్ప అలా ఉబ్బవు కదా! ద్వారం దగ్గరి కండరాన్ని వెతికి పట్టుకుని, అది ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందో కొలిచాడు. పేరు అతనికి దక్కడం న్యాయమే.

ఆ తర్వాతి జీవితం మాత్రం గాడి తప్పింది. 1894లో జెనోవాలో శరీరధర్మశాస్త్ర సంస్థకు అధిపతి అయినా, మత్తుమందుల అలవాటు, డబ్బు లెక్కల్లో తేడాల వల్ల 1900లో ఆ పదవి పోయింది. కొన్నాళ్లు కాంగోలో వైద్యుడిగా పనిచేశాడు. 1913లో ట్యునిస్‌లో చనిపోయాడు. విచిత్రమేమంటే, మత్తుమందుల్లో ఒకటైన మార్ఫిన్ అతని పేరున్న ఈ సంవరణినే గట్టిగా బిగించేస్తుంది.

1901లో అమెరికా వైద్యుడు యూజీన్ ఓపీ శవపరీక్షలో ఈ ద్వారం గురించి ఒక సంగతి చూపాడు. ఉమ్మడి ద్వారంలో చిన్న రాయి ఇరుక్కుంటే చాలు, క్లోమం ప్రాణం తీసేంతగా వాచిపోగలదు. అలాంటి రాళ్లు తీయడానికి అప్పట్లో పొట్ట కోయక తప్పేది కాదు. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపాన్‌లో కవాయ్ బృందం విడివిడిగా కొత్త దారి ప్రకటించారు: నోటి గుండా ఎండోస్కోపు దించి, సన్నని తీగలో విద్యుత్తు పంపి సంవరణిని కోయడం. ఎండోస్కోపుతో పైత్యరస, క్లోమ నాళాలను పరీక్షించే ఈఆర్‌సీపీ అనే విధానంలో భాగమైన ఈ చికిత్సలో ప్రపంచంలో పేరున్నవారిలో హైదరాబాద్ వైద్యుడు డి. నాగేశ్వర్ రెడ్డి ఒకరు.

కోయడం తేలికయ్యాక కోతలూ పెరిగాయి. పిత్తాశయం తీసేసినా కడుపునొప్పి తగ్గనివాళ్లలో, పరీక్షల్లో ఏ తేడా కనిపించకపోయినా, నేరం సంవరణిదే అన్నారు. 2014లో వెలువడిన అమెరికా అధ్యయనం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. ఇలాంటి 214 మందిలో కొందరికి కండరం కోశారు, మిగతావారికి కోసినట్టు నటించారు. కోత పడినవారికి ఎక్కువ మేలేమీ జరగలేదు. రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినవారికి మాత్రం ఈ కోత ఇప్పటికీ ప్రధాన చికిత్సే.