ఒక్క అక్షరం దిద్దడానికి

డిక్టేషన్‌లో ‘అర్థం’ అని రాయాల్సిన చోట ‘అర్ధం’ అని రాస్తే మన తెలుగు మాస్టారు కొట్టేవారు కాదు. “సగమే తెలిసిందన్నమాట” అని నవ్వి ఊరుకునేవారు. థకారానికీ ధకారానికీ తేడా నాకలా వంటబట్టింది. కిందటేడు అమరావతిలో కృష్ణ ఒడ్డున మన బ్యాచ్ కలిసినప్పుడు, సెలవు రోజుల్లో ఏం చేస్తున్నావురా అని అడిగారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషాలు దిద్దుతున్నానన్నాను. “అదీ ఒక పనేనా!” అన్నారు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇది.

మిర్చికీ పత్తికీ మందు కొట్టే ఊళ్లవాళ్లం. మందు డబ్బాతో వచ్చే కాగితంలో ‘అర లీటరు’ కాస్తా ‘ఆరు లీటర్లు’ అని అచ్చయితే ఏమవుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ అలాంటి కాగితమే. కొత్తగా నేర్చుకునేవాడు అందులో ఉన్నదాన్ని ఉన్నట్టే టైపు చేస్తాడు.

సకాలంలో దిద్దని తప్పు ఎలా పాతుకుపోతుందో వెబ్‌లోనే చూడవచ్చు. ఏ పేజీ నుంచి వచ్చామో బ్రౌజరు సర్వరుకు చెప్పే మాట ‘రిఫరర్’. ఇంగ్లీషులో నడుమ రెండు ‘ఆర్’లు పక్కపక్కన ఉండాలి, ఒకటే పడింది. 1996లో హెచ్‌టీటీపీ 1.0 పత్రం వెలువడేనాటికే ప్రోగ్రాములన్నీ ఆ తప్పుకు అలవాటుపడ్డాయి. నేటికీ అదే ప్రమాణం.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ తన పుస్తకాల్లో తప్పు పట్టిన మొదటి పాఠకుడికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. చాలామంది దాన్ని బ్యాంకులో వేయకుండా పటం కట్టించుకున్నారు. అయితే అక్కడ దిద్దేది రచయితే. పాఠకుడే దిద్దాలంటే ఆ హక్కు రాసి ఇవ్వాలి. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ప్రోగ్రాముతో పాటు దాని మాన్యువల్‌ను మార్చే స్వేచ్ఛ కూడా ఉండాలని పట్టుబట్టారు. 2000లో మాన్యువళ్ల కోసమే ఒక లైసెన్సు వచ్చింది. వికీపీడియా దాన్నే తీసుకుంది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున శ్రీకారం చుట్టిన తెలుగు వికీపీడియా కూడా ఆ లైసెన్సు కిందే మొదలైంది. 2009లో క్రియేటివ్ కామన్స్‌కు మారింది. సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ల కోసం పుట్టిన హక్కు మన ఊరి పేజీలో దీర్ఘం సరిచేయడానికి పనికొచ్చిందన్నమాట!

హక్కుంటే చాలదు, అక్షరం ఉండాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు ఏళ్లతరబడి ఎవరి ఫాంటు వారిదే అన్నట్టు నడిచాయి. ఒకరి ఫాంటులోని ‘క’ మరొకరి దాంట్లో ఇంకేదో అయ్యేది. వెతికితే దొరకదు. అలాంటి రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను నాగార్జున గారే చేశారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ వచ్చాక కీబోర్డు నేర్వనివారూ తెలుగు టైపు చేయగలిగారు.

ఈ పనిలో పరువు తీసినవారూ ఉన్నారు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ పేరుతో, నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. డాక్యుమెంటేషన్‌లో అక్కర్లేని పదమొకటి చేర్చి పంపిన మార్పులు వెల్లువెత్తాయి. నిర్వాహకులు విసిగిపోయారు. చివరికి ఒప్పుకున్న ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేశారు. ఆ పంపినవారిలో మన దేశపు కుర్రాళ్లు తక్కువేం కాదు, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. నేను మొదటిసారి పంపింది కూడా ఒక్క అక్షరమే. అది తప్పో కాదో రెండు నిఘంటువులు చూసి మరీ పంపాను.

ఈ స్వర్ణోత్సవ సంచిక ముఖచిత్రం ప్రూఫు నిన్ననే నాకు వచ్చింది. బంగారు రంగులో, పెద్ద అక్షరాల్లో ‘పూర్వ విద్యార్ధుల సంఘం’ అని ఉంది. ‘ధు’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘థు’ అని రాసి ప్రెస్సుకు తిప్పి పంపాను.